నా పీరియడుకు ఎవరెళ్ళారు?

మా లెక్కల మేడం పోయారన్న కబురు నాకు బస్సులో అందింది. కంకిపాడు ఇంకా రెండు స్టాపులుందనగా స్కూలు వాట్సాప్ గ్రూపులో హెడ్మాస్టరుగారు పెట్టారు. తెల్లవారుజామున కాఫీ కలుపుకుంటూ వంటింట్లోనే కూలిపోయారట, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. దాని కింద వరసగా దండాల బొమ్మలు. వాటి కింద, ఎవరో ముందే టైపు చేసి పెట్టుకున్నారేమో, నిన్నటి మధ్యాహ్న భోజనంలో గుడ్ల ఫొటోలు ఎక్కించనివాళ్ళు పది గంటల్లోపు ఎక్కించగలరని ఇంకో మెసేజి. ఆవిడే ఉంటే అది చూసి పకపకా నవ్వేవారు. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. బస్సు దిగి, అలవాటుగా బడికి వెళ్ళే షేర్ ఆటో ఎక్కి, ఎడమ పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాను. “మేడంగారు ఇంకా రాలేదాండీ?” అని డ్రైవరు అడిగాక గానీ నాకు కళ్ళనీళ్ళు తిరగలేదు. ఆవిడ ఇల్లు కంకిపాడులోనే. ఆ రోజు నేను వెళ్ళాల్సింది బడికి కాదని అప్పుడు తట్టి దిగిపోయాను.

మీలో సర్కారు హైస్కూల్లో పనిచేసినవాళ్ళుంటే అడ్జస్ట్‌మెంటు పుస్తకం గురించి చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఎవరైనా టీచరు సెలవు పెడితే ఆ రోజు వాళ్ళ క్లాసులకు ఎవరు వెళ్ళాలో హెడ్మాస్టరు ఒక పొడుగాటి పుస్తకంలో రాస్తారు. ఖాళీ పీరియడు ఎవరికుంటే వాళ్ళ పేరు. మా అటెండరు, యాభై దాటిన మనిషి, దాన్ని చంకలో పెట్టుకుని స్టాఫ్‌రూముకు తీసుకొచ్చి సంతకాలు పెట్టించుకుంటాడు. అతను వరండాలో కనిపించాడంటే చాలు, ఒకరికి బాత్రూము గుర్తొస్తుంది, ఒకరు ఫోను చెవికి పెట్టుకుంటారు, ఇంకొకరు అప్పటిదాకా ముట్టని నోటుపుస్తకాల దొంతర ముందుకు లాక్కుంటారు. తప్పు పట్టకండి. రోజుకు ఆరు పీరియడ్లు అరిచాక దొరికే ఆ ఒక్క ఖాళీ మాకు ప్రాణంతో సమానం. అందులోనూ డిసెంబరులో చూడాలి. ఏడాది ముగిసేలోపు వాడుకోని క్యాజువల్ లీవులు, అంటే సీఎల్‌లు, మురిగిపోతాయి. అందుకని అందరం పోటీలు పడి సెలవులు పెడతాం, పుస్తకం పేజీలకు పేజీలు నిండిపోతుంది.

మా లెక్కల మేడం ఒక్కరే అటెండరు అలికిడి వినగానే తలెత్తకుండా చెయ్యి చాచేవారు. “ఇటివ్వు నాయనా. ఏ క్లాసు? ఎవరు రాలేదు?” అంతే. సంతకం పెట్టి, కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుని, సుద్దముక్క పట్టుకుని బయల్దేరేవారు. ఆవిడ సీఎల్‌లు మాత్రం ఏటేటా మురిగిపోయేవి. అడిగితే, ఇంట్లో కూర్చుని ఏం చెయ్యనమ్మా, మావారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడమేగా అనేవారు.

బదిలీల్లో నేను ఆ బడికి వచ్చిన కొత్తలో ఆవిణ్ణి చూసి, ఈవిడకేదో అవార్డు మీద కన్నుంది అనుకున్నాను. ఆ తరవాతి ఏడు ఉత్తమ ఉపాధ్యాయుల అవార్డుకు దరఖాస్తులు అడిగినప్పుడు హెడ్మాస్టరుగారు ఆవిడ చేత ఫైలు తయారు చేయించమని నాకే పురమాయించారు. ఫొటోలు, సర్టిఫికెట్లు, ఫలానా ఏడు ఫలానా ఉత్తీర్ణత అన్నీ పోగుచేసుకుని వెళితే ఆవిడ ఆ కాగితాలు చూసి నోరు నొక్కుకున్నారు. “నేను బాగా చెప్పానని నేనే రాసుకుని, నాకివ్వండని నేనే అడుక్కోవాలా? వద్దులే అమ్మా. శాలువా కప్పుకునే చలి మన ఊళ్ళో ఎక్కడుంది?” ఫైలు నా బల్ల సొరుగులోనే ఉండిపోయింది. అవార్డు మరెవరికో వచ్చింది, ఆవిడే ముందుండి స్వీట్లు పంచారు.

పొద్దున్నే జెండా కర్ర దగ్గర సిగ్నలు అందుతుందని అందరం అక్కడ నిలబడి, ఫోను ఎత్తి మొహం చూపించి హాజరు వేసుకుంటాం. ఆవిడ మొహానికి ఆ ఫోను ఎప్పుడూ ఒకటికి నాలుగుసార్లు పరీక్ష పెట్టేది. చివరికి పచ్చ గీత వచ్చాక, రోజు మొత్తంలో నా మొహం చూసి గుర్తుపట్టేది ఈ ఫోనొక్కటే, అదీ అనుమానంగా, అనేవారు. మేం నవ్వేవాళ్ళం. ఆ నవ్వులో ఆవిడ కలిసేవారు కాదని ఇప్పుడు గుర్తొస్తోంది.

ఇక నేను చేసిన నిర్వాకం చెప్పాలి.

వచ్చిన మొదటి సంవత్సరం దసరా ముందు రెండు రోజులు సెలవు పెట్టాను. మావారి ఉద్యోగం అనంతపురం వైపు, నేను పటమటలో రెండు గదుల పోర్షనులో ఒక్కదాన్నే. అప్పుడప్పుడు పొద్దున్నే లేచి బడికి వెళ్ళాలంటే కాళ్ళు వచ్చేవి కావు. జ్వరం కాదు, ఏం కాదు, అంతే. మూడో రోజు స్టాఫ్‌రూములో అడుగుపెట్టానో లేదో, మేడం అందరి ముందూ అన్నారు: “ఏమ్మా సోషలూ, నిన్న నీ ఎనిమిదో తరగతికి నేనే వెళ్ళాను. నువ్వు చెప్పిన పాఠం నాకూ చెప్పమన్నాను వాళ్ళని.”

ఒళ్ళు మండిపోయింది. అంతకు నెల ముందే ఎవరో తనిఖీకి వచ్చి, నా క్లాసులో ఒక పిల్లను లేపి ప్రశ్న అడిగారు. ఆ పిల్ల బెదిరి నోరు విప్పలేదు. దానికి నాకు సంజాయిషీ ఇమ్మని మెమో. మాకు ఏళ్ళ తరబడి అలవాటైపోయింది. మా పిల్లల్ని ఎవరైనా మా పాఠం గురించి అడిగారంటే మమ్మల్ని పట్టుకోవడానికే అడుగుతారు. వేరే ఎందుకైనా అడగొచ్చని మాకు తోచదు. పుండు మీద కారం చల్లినట్టయి నోరు జారాను. నా పిల్లల్ని పరీక్షించడానికి మీరెవరండీ, హెడ్మాస్టరుగారు మీకు ఆ పని కూడా అప్పజెప్పారా అన్నాను. ఆవిడ సుద్దముక్క తీసుకుని వెళ్ళిపోయారు.

మూడు నెలలు నేను ఆవిడతో మాట్లాడలేదు. ఇద్దరం ఒకే ఆటోలో వెళ్ళేవాళ్ళం, ఒకే ఆటోలో వచ్చేవాళ్ళం. నేను మొహం కాలవ వైపు తిప్పుకుని కూర్చునేదాన్ని. ఆవిడ మాత్రం ముందు ఎక్కితే నాకు చోటు ఉంచేవారు. చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, పక్కన ఎవరైనా కూర్చోబోతే మా మేడం వస్తారండీ అని చెప్పడం నా చెవులతో నేను విన్నాను. అయినా కరగలేదు. అంత పొగరు నాది.

ఆ జనవరిలో నేను జిల్లా ఆఫీసులో డెప్యుటేషనుకు దరఖాస్తు రాసుకున్నాను. కుర్చీ ఉద్యోగం, పిల్లలుండరు, అరుపులుండవు. ఎవడికోసం చెప్పాలి ఈ పాఠాలు అనిపించేది. వినే పిల్లాడు వింటున్నాడో లేదో తెలీదు, పైవాళ్ళకు కావల్సింది పాఠం కాదు, ఫొటో. ఆ సాయంత్రం ఆటోలో మేమిద్దరమే ఉన్నాం. దరఖాస్తు నా చేతిలో ఉంది. ఆవిడ దాన్ని చూసి, మూడు నెలల్లో మొదటిసారి నాతో మాట్లాడారు.

“వెళ్తే వెళ్ళు, నేను ఆపను. ఆ రోజు చెప్పబోయింది మాత్రం విని వెళ్ళు. మన డెల్టాలో మట్టి మనది కాదని చెప్పావట వాళ్ళకి. ఎక్కడెక్కడి కొండల మట్టో కృష్ణ మోసుకొచ్చి ఇక్కడ పరిచిందని చెప్పావట. వెనక బెంచీలో కూర్చునే వాడు, ఎప్పుడూ నోరు విప్పడే, వాడు లేచి చెప్పాడు. ఇంటికెళ్ళి వాళ్ళ తాతతో అన్నాడట, మన పొలం మట్టి మహారాష్ట్రదంట తాతా అని. ఆయన కర్ర తీసుకుని వెంటపడ్డాడట, మా తాతల నాటి పొలాన్ని ఎవడిదంటావురా అని. క్లాసంతా ఒకటే నవ్వు. మర్నాడు ఆ తాతే చేలో ఇంత మట్టి తీసి చేతిలో పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాడట. అదమ్మా నేను చెప్పబోయింది.”

ఆ పాఠం నేను చెప్పిన మాటే నాకు సరిగ్గా గుర్తులేదు. చెప్పి, బెల్లు కొడితే డస్టరు తీసుకుని వచ్చేశాను.

మనం అడిగితే పిల్లలు మనకు కావల్సిందే చెబుతారమ్మా అన్నారు ఆవిడ. అందుకే మన పాఠం ఎక్కడ పడిందో మనకు ఎప్పటికీ తెలియదట. ఇంకొకరు వెళ్ళి అడగాలి, వచ్చి మనకు చెప్పాలి. మార్కుల్లో తెలియదా అన్నాను. మార్కులు వేరు, అవి వాళ్ళవి అన్నారు. ఆ పుస్తకం వచ్చినప్పుడల్లా ఆవిడ ఎందుకు చెయ్యి చాచేవారో అప్పుడు అర్థమైంది. ఇంగ్లీషు సారుకూ, హిందీ మేడంకూ కూడా ఇలాగే ఏదో ఒకటి మోసుకొచ్చి ఇచ్చేవారట. వాళ్ళు నాలా కోపిష్టివాళ్ళు కాదు, విని ఊరుకునేవారు.

“మరి మీకెవరు చెబుతారండీ?” అన్నాను.

ఆవిడ నవ్వి, నేను సెలవు పెట్టను కదమ్మా అన్నారు. ఈసారి పెట్టండి, నేను వెళ్ళి అడిగి వస్తాను, ఒట్టు అన్నాను. చూద్దాంలే అన్నారు. కాలవ గట్టు మీద ఆటో ఎగిరెగిరి పడుతోంది, మినప చేలు పచ్చగా ఉన్నాయి. దరఖాస్తు నేను మడిచి సంచీలో పెట్టుకున్నాను. ఇంతవరకూ ఇవ్వలేదు.

తరవాత నాలుగేళ్ళు ఆవిడ నాకు ఎన్ని తెచ్చి ఇచ్చారో లెక్కలేదు. పక్క ఊరి చేపల చెరువుల దగ్గర కాపలా ఉండే ఆయన కూతురు, నేను ఓటు హక్కు గురించి చెప్పాక, వాళ్ళమ్మ కార్డులో పుట్టిన ఏడు తప్పుందని పట్టుకుని తనే దరఖాస్తు నింపిందట. ఇంకో పిల్లాడు నేను పటం గీసేటప్పుడు శ్రీలంకను ఎప్పుడూ మర్చిపోతానని నవ్వుతున్నాడట. అదీ చెప్పేవారు, దాచేవారు కాదు. ఆదివారాలు ఆ రెండు గదుల్లో ఒక్కదాన్నే కూర్చుని వాటిని నెమరేసుకునేదాన్ని. సోమవారం పొద్దున్న లేవడానికి అవి సరిపోయేవి.

పోయిన డిసెంబరులో ఒక రోజు అటెండరు పుస్తకం తెచ్చాడు. సెలవు పెట్టినవారు అన్న చోట లెక్కల మేడం పేరు. స్టాఫ్‌రూమంతా ఆశ్చర్యపోయింది. మూడో పీరియడు, పదో తరగతి, ఎదురుగా నా పేరు. ఆ పీరియడు ఖాళీ ఉండేది నాకొక్కదానికే, అది ఆవిడకూ తెలుసు. నాకు ఒట్టు గుర్తుంది. నిజం చెబుతున్నాను, గుర్తుంది. అడుగుదామనే వెళ్ళాను. మెట్లెక్కుతుంటే ఫోను మోగింది. ఎనిమిదో తరగతి పిల్లల వివరాలేవో యాప్‌లో సగమే ఎక్కాయట, పన్నెండు లోపు పూర్తి చెయ్యకపోతే పైనుంచి మాటొస్తుందని హెడ్మాస్టరుగారు. సరే, ముందు ఇది కానిచ్చి అడుగుదాం అనుకుని, పిల్లలను లెక్కలు చేసుకోమని చెప్పి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఒక పేరు ఎక్కుతుంది, ఇంకోటి తిరుగుతూ ఉంటుంది. ఆ చక్రం చూస్తుండగానే బెల్లు కొట్టారు.

మర్నాడు ఆటోలో ఆవిడ సంచీ సర్దుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు అడిగారు.

“నిన్న నా పీరియడుకు ఎవరెళ్ళారమ్మా?”

“నేనేనండీ.”

“పిల్లలేమన్నా అన్నారా?”

ఉన్నమాట చెప్పేస్తే పోయేది. ఫోనుతోనే సరిపోయిందండీ, అడగలేదు, ఇంకోరోజు పెట్టండి అని అంటే ఆవిడ నవ్వేసేవారు. సిగ్గేసింది. తేలు కుట్టిన దొంగలా, ఏం లేదండీ, బుద్ధిగానే కూర్చున్నారు అన్నాను. ఊఁ అన్నారు. తల కాలవ వైపు తిప్పుకున్నారు. ఇంకో రోజు ఎప్పుడో పెడతారు, అప్పుడు చూద్దాం అనుకున్నాను. ఆ ఏడు కూడా మిగిలిన సీఎల్‌లన్నీ మురిగిపోయాయి.

ఆవిడ పోయిన రోజు ఇంటికి వెళితే వాకిట్లో చెప్పులు కుప్పగా ఉన్నాయి. పాత విద్యార్థులే ఎక్కువ. వాళ్ళాయన, ఏదో ఆఫీసులో చేసి రిటైరైన పెద్దమనిషి, మితభాషి, గోడకు ఆనుకుని కుర్చీలో కూర్చున్నారు. నేను ఫలానా అని చెప్పుకున్నాను. “సోషలమ్మవా?” అని తలెత్తి, పక్కనున్న స్టూలు చూపించారు. తరవాత తనలో తను అనుకుంటున్నట్టు చెప్పారు.

“డిసెంబరులో ఒక రోజు సెలవు పెట్టింది. ఒంట్లో బాగాలేదేమోనని హడలిపోయాను. బాగానే ఉంది. ఎక్కడికీ వెళ్ళలేదు, ఊరికే ఇంట్లో కూర్చుంది. పదకొండు అవుతుండగా గడియారం చూసి, ఇప్పుడు మా పదో తరగతి దగ్గర సోషలమ్మ ఉంటుందండీ అంది. నలభై నిమిషాలూ ఆ గడియారం కిందే కూర్చుంది. మర్నాడు సాయంత్రం వచ్చాక, ఏమన్నారే మీ పిల్లలు అని అడిగాను.” ఆగి, కండువాతో మొహం తుడుచుకున్నారు. “బుద్ధిగా కూర్చున్నారట అంది.”

ఆ పెద్దాయన నన్ను తప్పుపట్టలేదు. ఆయనకు తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని ఊరికే అనలేదు పెద్దలు. ఆకులు కూడా లేవు నా దగ్గర. ముప్ఫై ఏళ్ళు పైగా చెప్పిన మనిషి, ఊరందరి పిల్లల మాటలూ ఊరందరికీ మోసిన మనిషి, తన మాట ఒక్కటి వినాలని సెలవు పెట్టుకుని కూర్చుంది. నేను ఫోను చూసుకున్నాను.

మూడో రోజు బడి తెరిచారు. ప్రార్థనలో రెండు నిమిషాలు మౌనం పాటించాం. తరవాత అటెండరు పుస్తకం పట్టుకొచ్చాడు. సెలవు పెట్టినవారు అన్న చోట ఏం రాయాలో హెడ్మాస్టరుగారికి తోచినట్టు లేదు, ఖాళీగా వదిలేశారు. మూడో పీరియడు, పదో తరగతి. నా పేరు కూడా రాయలేదు. అతను గుమ్మంలోనే నిలబడ్డాడు, ఎవర్నీ అడగలేక. చెయ్యి చాచి పుచ్చుకున్నాను.

ఫోను సొరుగులో పెట్టి తాళం వేసి వెళ్ళాను. పిల్లలు లేచి నిలబడ్డారు, కూర్చున్నారు. మేడం మీకేం చెప్పారో నాకు చెప్పండి, నాకు లెక్కలు రావు అన్నాను. ముందు బెంచీలో అమ్మాయి లేచింది. ఆ చేపల చెరువు కాపలా ఆయన కూతురే, ఇప్పుడు పదో తరగతి.

“మా మేడం లెక్క తప్పైతే కొట్టేసేవారు కాదండీ. ఎందాకా రైటో అందాకా టిక్కు పెట్టేవారు. ఇక్కడిదాకా బాగానే వచ్చావు, ఇక్కణ్ణుంచి మళ్ళీ రా అనేవారు.” ఆగింది. “ఇంటి దగ్గర మా తమ్ముడికి చెప్పేటప్పుడు నేను కూడా అట్టాగే పెడతానండీ. వాడు ఇదివరకు పుస్తకం విసిరికొట్టేవాడు. ఇప్పుడు కొట్టట్లేదు.”

ఆ తరవాత ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. మేడం బోర్డు మీద కావాలని తప్పు చేసి, దొరకబుచ్చుకున్నవాళ్ళ వైపు చూసి కన్ను కొట్టేవారట. వాటర్ ట్యాంకు ఎత్తు కొలవడానికి ఎండలో నీడ చుట్టూ తిప్పి, కొలత తప్పొస్తే మర్నాడు మళ్ళీ తిప్పారట. ఒకడు లేచి, నాకు లెక్కలు ఇప్పటికీ రావండీ, కానీ భయం పోయిందండీ అని కూర్చున్నాడు. కొందరు ఏడుస్తున్నారు, ఏడుస్తూనే చెబుతున్నారు. బెల్లు కొట్టినా ఎవరూ ఆగలేదు, నాలుగో పీరియడు సారు వచ్చి గుమ్మంలో నిలబడి విన్నారు.

నేను మెట్లు దిగి గబగబా నడిచాను. వాటిలో ఒక్క మాట కూడా మర్చిపోకూడదని, ఆ అమ్మాయి అన్నది అన్నట్టుగా చెప్పాలని, తమ్ముడు పుస్తకం విసరట్లేదన్న సంగతి ముందు చెప్పాలని అనుకుంటూ నడిచాను. స్టాఫ్‌రూము గడప దాటుతూనే కిటికీ పక్క కుర్చీ వైపు తిరిగి, “మేడం, మీ పిల్లలేమన్నారంటే” అన్నాను.

గదిలో అందరూ తలెత్తారు. కుర్చీ బల్లలోపలికి జరిపి ఉంది, బల్ల మీద ఆవిడ సుద్దముక్కల డబ్బా మూత తీసే ఉంది.